మా తోడికోడలి సాక్షి సంతకం

ఇదంతా నేను ముందే రాయలేకపోవడానికి మొదటి కారణం, నాకు అక్షరాలు రాకపోవడం. యాభై దాటేదాకా రాలేదు. కంకిపాడు దగ్గర మా ఊళ్లో బడి ఉండేది. నాకు పలక కూడా కొన్నారు. కానీ మా అమ్మ నాట్లకు పోతే ఇంటి దగ్గర వండే మనిషి కావాలి, నాకేమో వంట తొందరగా వచ్చేసింది. మెతుకు పట్టి చూసి అన్నం దించడం వచ్చిన పిల్లను బడికి పంపాలని ఎవరికీ అనిపించలేదు. రెండో కారణం అక్షరాలు వచ్చాక తెలిసింది. మా ఇంట్లో కాగితం మీద ఏమున్నా ముందుగా చదివేది మా తోడికోడలు. నేను రాయాల్సిందేమో ఆమె గురించే. అందుకని ఇన్నాళ్లూ ఆగాను. ఇప్పుడు చదివితే చదవనీ అనిపించింది.

మాది విజయవాడలో కాలేజీ హాస్టళ్లు ఉన్న వీధిలో కర్రీ పాయింట్. మా ఆయన, మా మరిది కలిసి పెట్టారు. సరుకు తేవడం, గ్యాసు, మార్కెట్టు వాళ్ల పని. వంట నాది. కౌంటరు మా తోడికోడలిది. ఆమె పదో తరగతి పాసైంది. కొట్లోకి రాగానే చేతులు కడుక్కుని, బల్ల తుడిచి, గోడకు వేలాడే నల్ల బోర్డు మీద సుద్దముక్కతో ఆ రోజు కూరల పేర్లు రాసేది. దోసకాయ పప్పు, బెండకాయ వేపుడు, గుత్తొంకాయ, సాంబారు. గుండ్రంగా, ముత్యాల్లా ఉండేవి ఆమె అక్షరాలు. హాస్టలు పిల్లలు బోర్డు చూసి నోరూరి వచ్చేవాళ్లు. నా వంట వాళ్లకు ముందు ఆమె చేతిరాతలో కనిపించేది. "ఆంటీ, ఇవాళ వంకాయ అదిరింది" అని ఆమెతోనే చెప్పి వెళ్లేవాళ్లు. ఆమె నవ్వి "థాంక్స్ నాన్నా" అనేది. నేను గోడ వెనక తాలింపు వేస్తూ వినేదాన్ని.

ప్రతి పార్శిలుతో పాటు నేను ఒక రోటి పచ్చడి ఊరికే ఇచ్చేదాన్ని. మిక్సీలో కాదు, రోట్లోనే నూరేదాన్ని. కొందరు దాని కోసమే మా కొట్టుకు వచ్చేవాళ్లని నాకు తెలుసు. ఆమె మాత్రం దాని పేరు బోర్డు మీద ఎప్పుడూ రాయలేదు. "ఊరికే ఇచ్చేదానికి పేరెందుకక్కా, చోటు దండగ" అనేది. ఆ మాట నాకు గుచ్చుకున్నట్టు ఆమెకు తెలియదు. తెలిసినా తెలియనట్టు ఉండేదేమో.

ఆదివారం ప్రార్థన మందిరంలోనూ ఇంతే. స్త్రీల కూడికలో వాక్యం చదవడానికి లేచి నిలబడేది ఆమె. చీర కొంగు సర్దుకుని, కళ్లజోడు పెట్టుకుని, ఎక్కడా తడబడకుండా చదివేది. నాకు పాటలన్నీ కంఠతా వచ్చు, ఆమెకు రెండో చరణం నుంచి పుస్తకం కావాలి. కానీ కంఠతా వచ్చినదాన్ని ఎవరు లేపి నిలబెడతారు? మనసులో ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను, ఆమె చదువుతుంటే దేవుడి మాట నా చెవికెక్కేది కాదు. ఆమె కళ్లజోడే కనిపించేది.

నేను అక్షరాలు నేర్చుకున్నది భక్తితో కాదు, ఆ కళ్లజోడు మీద కడుపుమంటతో. మధ్యాహ్నం రద్దీ తగ్గాక, సాయంత్రం పొయ్యి వెలిగించేలోపు పాస్టరమ్మగారి దగ్గరికి వెళ్లేదాన్ని. ఆమె పాటల పుస్తకం తెరిచి నా చేతికిచ్చింది. "పాట నీకొచ్చుగా, పాడుకుంటూ వేలు కదుపు. ఏ మాట దగ్గర ఏ బొమ్మ ఉందో అదే అక్షరం" అంది. అలా నోట్లో ఉన్నదాన్ని కంటితో వెతుక్కుంటూ నేర్చుకున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ముందు సంతకం వచ్చింది. ఉల్లిపాయల బస్తాకు వచ్చే చీటీల వెనక పెట్టి పెట్టి చూసుకుని చించేసేదాన్ని.

ఇక పాలసీ సంగతి. కొట్టుకు పెద్ద ఫ్రిజ్జు వాయిదాల మీద తీసుకున్నప్పుడు అక్కడి అబ్బాయి దాంతోపాటు ఇంటిల్లిపాదికీ అంటూ ఒక ఆరోగ్య బీమా అంటగట్టాడు. ఏడాది ప్రీమియం ఫైనాన్సు వాళ్లు ముందే కట్టేస్తారు, మన బ్యాంకు ఖాతాలోంచి నెలనెలా వాయిదాగా కోసుకుంటారు. వద్దని చెప్పకపోతే ఏడాది తిరగగానే దానంతట అదే మళ్లీ మొదలవుతుంది. ఇంటికి పెద్ద కోడలినని నా పేరు మీద పెట్టారు. అప్పటికింకా నాకు అక్షరాలు రావు. మా తోడికోడలే నా బొటనవేలు పట్టుకుని సిరా ప్యాడ్ మీద అద్ది, కాగితం మీద నొక్కింది. వేలిముద్ర పక్కన సాక్షి సంతకం ఆమెదే. చివర తోక తిప్పి, కింద రెండు చుక్కలు పెట్టే సంతకం. నాదేమో నల్లటి మచ్చ.

ఆ ఏడాదిలోనే మా ఆయనకు కిడ్నీలో రాయి వచ్చింది. మేం చేర్చిన ఆసుపత్రిలో ఆ పాలసీ చెల్లదన్నారు. ఆయనకు ఒళ్లు మండిపోయింది. "అక్కరకు రానిదానికి నెలనెలా కట్టేదేంటి? తీసిపారెయ్" అన్నాడు. ఏడాది పూర్తయ్యేలోపు రద్దు చేయమని మా తోడికోడలు కౌంటరు దగ్గర కూర్చుని ఉత్తరం రాసింది. "అక్కా, ఉండు, ప్యాడ్ తెస్తా" అంటూ లేవబోయింది. నేను ఆమె చేతిలో పెన్ను తీసుకుని, ఆమె చూస్తుండగానే నా పేరు రాశాను. వంకరో టింకరో మొత్తం పేరు.

ఆమె కాగితం వంక చూసింది, నా వంక చూసింది. "ఎప్పుడు నేర్చుకున్నావక్కా? చెప్పనేలేదు" అంది. ముఖంలో రంగు మారుతుందేమోనని చూశాను. ఏమీ మారలేదు. "బాగుంది" అని మడతపెట్టింది. అంత సంబరమూ చప్పబడిపోయింది. ఉత్తరం బీమా కంపెనీలో ఇచ్చి, ముద్ర వేసిన నకలు తెచ్చుకున్నాం. ఆ పీడ వదిలిందనుకున్నాం.

కొన్ని నెలలకు మా కొట్టు ఎదురుగా ఉన్న జిరాక్సు షాపు ఖాళీ అయింది. అక్కడ రెండో కర్రీ పాయింట్ పెడదామని అన్నదమ్ములు అనుకున్నారు. ఆడవాళ్ల పేరు మీద అయితే బ్యాంకు లోను తేలికట. "వదిన పేరు మీద తీసుకుందాం. కొత్త కొట్టు కౌంటర్లో వదినే కూర్చుంటుంది, వంటకు మనిషిని పెడదాం" అన్నాడు మా మరిది. ఆ మాట అన్న రోజు నుంచి నేను ఎదురుగా ఆ మూసి ఉన్న షట్టరు వంకే చూస్తూ కూరలు కలిపేదాన్ని. బోర్డు ఎక్కడ కట్టాలో కూడా అనుకున్నాను.

సరిగ్గా అప్పుడు వచ్చాడు కలెక్షన్ మనిషి. మధ్యాహ్నం, కొట్టు నిండా జనం. హెల్మెట్ తీయకుండానే నా పేరు చదివి, "ఈవిడ ఎవరండీ?" అన్నాడు.

"మా అక్క. లోపల వంట దగ్గరుంది. ఏంటండీ?" అంది మా తోడికోడలు.

"పాలసీ వాయిదాలు కట్టట్లేదమ్మా. బౌన్సు అవుతున్నాయి. పిలవండి."

"ఆవిడకి చదువు రాదండీ. నాతో చెప్పండి."

నేను గరిటెతోనే బయటికి వచ్చాను. "నాకు చదువొచ్చు. కాగితం ఇటివ్వు బాబూ" అన్నాను. పార్శిళ్ల కోసం నిలబడ్డ పిల్లలందరూ నా వంక తిరిగారు. అతను కాగితం ఇచ్చాడు. చూస్తే కాగితం నిండా ఇంగ్లీషు. ఒక్క అక్షరం కూడా నేను నేర్చుకున్నది కాదు. కాసేపు దాన్ని అలాగే పట్టుకుని నిలబడ్డాను. మా తోడికోడలు చెయ్యి చాపింది. ఇచ్చేశాను. సాంబారు అడుగంటుతున్న వాసన వచ్చి లోపలికి వెళ్లాను గానీ, నాలో మాడుతున్నది వేరే.

పాలసీ రద్దు కాలేదట. రెండో ఏడాది మొదలైపోయిందట. మేం ఖాతాలో డబ్బు ఉంచడం మానేశాం కాబట్టి వాయిదాలు బాకీ పడి, వసూలుకు ఇచ్చేశారట. లోను కోసం బ్యాంకుకు వెళ్లిన మా ఆయన కూడా అదే మాటతో తిరిగొచ్చాడు. నా పేరు దగ్గర బాకీ చూపిస్తోందట, తీరేదాకా లోను రాదట.

"కట్టేద్దామంటే కట్టినా ఆ మచ్చ కొన్నేళ్లు ఉంటుందంటున్నారు" అన్నాడు మా ఆయన అన్నం కలుపుకుంటూ. "పోనీలే, చిన్నకోడలి పేరు మీద పెడదాం. ఎవరి పేరైతే ఏంటి?"

ఎవరి పేరైతే ఏంటి! రెండు కొట్లూ ఆమెవి అవుతాయి, రెండు పొయ్యిలూ నావి అవుతాయి. మా తోడికోడలు తలెత్తకుండా అందరికీ మజ్జిగ పోస్తోంది. ఆమె కాదంటుందేమోనని చూశాను. అనలేదు.

మర్నాడు ఉత్తరం నకలు బ్యాగులో పెట్టుకుని, సిటీ బస్సెక్కి, బందరు రోడ్డులో ఉన్న కంపెనీ ఆఫీసుకు ఒక్కదాన్నే వెళ్లాను. అక్కడి అధికారి కంప్యూటర్లో చూశాడు, నకలు చూశాడు, నన్ను చూశాడు.

"ఈ సంతకం ఎవరిదమ్మా?"

"నాదేనండీ."

"మా రికార్డులో మీరు వేలిముద్ర వేసే మనిషి."

"అప్పుడండీ. తర్వాత నేర్చుకున్నాను."

"నేర్చుకుంటే మాకు తెలియజేయాలి కదమ్మా."

"నాకు చదువొచ్చిందని మా ఇంట్లోనే చెప్పలేదండీ, మీకెలా చెబుతాను?"

అతను నవ్వాపుకున్నాడు. వేలిముద్ర మనిషి పేరుతో సంతకం వచ్చేసరికి ఎవరో దొంగ సంతకం పెట్టారని ఉత్తరాన్ని పక్కన పడేశారట. ఆ సంగతి ఫోనుకు మెసేజ్ కూడా పంపారట. ఫోను నంబరు కొట్టుది. అంటే కౌంటరు మీద ఉండే ఫోను.

"రెండు దారులున్నాయి" అన్నాడు అధికారి. "ఇప్పుడే కొత్త ఉత్తరం మీద వేలిముద్ర వేయండి, ఇవాళ్టి నుంచి రద్దు చేస్తాం. కానీ ఇప్పటిదాకా ఉన్న బాకీ కట్టాలి. లేదా, వేలిముద్రా సంతకమూ ఒక్కరివేనని రాసివ్వండి. అప్పుడు సాక్షి సంతకం పెట్టినావిడే వచ్చి మళ్లీ సంతకం చేయాలి. అలా అయితే పాత ఉత్తరం తేదీ నుంచే రద్దు. బాకీ లేనట్టే, బ్యాంకుకూ రాస్తాం."

వేలిముద్ర వేసి పోవడం తేలిక. కానీ అలా చేస్తే నా పేరు మీద మచ్చ మిగిలిపోతుంది, కొత్త కొట్టు ఆమెకు పోతుంది. కొట్టు నాకు దక్కాలంటే ఆమే వచ్చి చెప్పాలి. బస్సులో ఇంటికొస్తుంటే అదే తిరిగింది మనసులో. తనకు రాబోయేదాన్ని వదులుకుని నా కోసం ఎవరు వచ్చి సంతకం పెడతారు? ఆమె స్థానంలో నేనైతే పెట్టేదాన్నా? సమాధానం నాకు నచ్చలేదు.

సాయంత్రం రద్దీలో ఆమె పక్కన నిలబడి కవర్లకు రబ్బరు బ్యాండ్లు వేస్తూ చెప్పాను. అడగడం అంత కష్టమని నాకు అంతకుముందు తెలియదు.

"అమ్మాయ్, రేపు నాతో ఒకసారి ఆఫీసుకు రావాలి. నీ సంతకం కావాలంట."

అంతా విని ఆమె "ఊఁ" అంది. "రెండు సాంబార్, ఒక వేపుడు, ఎవరిదమ్మా ఇది?" అని కౌంటరు వైపు తిరిగింది. రద్దీ తగ్గాక గల్లా సర్దుకుని, మా మరిది బండెక్కి వెళ్లిపోయింది. వస్తానని గానీ రానని గానీ అనలేదు. రాదనే అనుకున్నాను. మెసేజ్ చూసి కూడా దాచిందనుకున్నాను. మనసు ఇంకా చాలా అనుకుంది, అవన్నీ రాయను.

పొద్దున నేను పప్పు కడుగుతుంటే మేడ మీద వాళ్ల వాటాలోంచి దిగి వచ్చింది. నిమ్మపండు రంగు మంగళగిరి చీర కట్టుకుంది. క్రిస్మస్‌కు మా ఇద్దరికీ ఒకే చోట, ఒకే రంగు కొన్న చీర అది. నాది ఎప్పుడో నూనె మరకలు పడి వంటింటి పాలైంది. ఆమెది ఇవాళే మడత విప్పినట్టుంది.

"ఏంటక్కా, ఇంకా తడి చేతులతోనే ఉన్నావ్? ఆఫీసుకు జనం రాకముందే వెళ్దాం, పద. పప్పు వచ్చి వేసుకోవచ్చు."

ఆటోలో నేను ఉండబట్టలేక అడిగాను. "ఫోనుకు మెసేజ్ పంపామన్నారు?"

"వచ్చిందక్కా. రాత్రే వెతికి చూశా. లోన్లు ఇస్తాం, ఆఫర్లు ఇస్తాం అని రోజూ వందొస్తాయిగా, అదీ అలాంటిదేననుకుని ఉంటా. తిట్టు, పడతా" అంది రోడ్డు వంక చూస్తూ. నమ్మానో లేదో ఇప్పటికీ చెప్పలేను.

ఆఫీసులో ఆమె లోపలికి రాగానే కుర్చీ వేశారు. నేను నిన్న అంతసేపూ నిలబడే మాట్లాడాను. అది కూడా లెక్క పెట్టుకున్నాను, ఏం చేయను. అధికారి నా ముందు తెల్లకాగితం పెట్టి, "మీ చేత్తో రాయండమ్మా, ముందు నాది వేలిముద్ర, ఇప్పుడు సంతకం అని" అన్నాడు. రాయడం మొదలుపెట్టాను. నేను ఒక మాట రాసేలోపు పక్క బల్ల దగ్గర ఇద్దరు పని ముగించుకుని పోయారు. మా తోడికోడలు కుర్చీ నా వైపు జరుపుకుని తొంగి చూస్తోంది.

"అక్కా, అక్కడ..."

"నువ్వు చూడకు" అన్నాను. కొంగు అడ్డం పెట్టుకుని రాశాను. అధికారి కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాడు.

తర్వాత పోల్చి చూడడానికి వేలిముద్ర అడిగారు. వేశాను. కాగితం మీద సిరా మరక తప్ప ఒక్క గీత పడలేదు. మళ్లీ వేశాను. అంతే.

"గీతలేవమ్మా?" అన్నాడు అధికారి.

"రేషను మిషను కూడా ఇట్లాగే తీసుకోదండీ. వేడి గిన్నెలు పట్టుకుని పట్టుకుని అరిగిపోయాయి."

అతను కుర్చీలో వెనక్కి వాలాడు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. సంతకం వాళ్ల దగ్గర లేదు. వేలిముద్ర నా దగ్గర లేదు. నేను నేనేనని చెప్పడానికి ఆ గదిలో మిగిలింది మా తోడికోడలు ఒక్కతే.

"మీరు చెప్పండమ్మా. అప్పుడు వేలిముద్ర వేసింది ఈవిడేనా?"

"ఈవిడే సార్. వేలు పట్టుకుని నొక్కింది నేనే. అప్పుడు కూడా సరిగా పడలేదు, రెండోసారి నొక్కాను. చూడండి, అంచు జంటగా ఉంటుంది." అతను తెర మీద చూసి తలాడించాడు. "ఉత్తరం మీద సంతకం కూడా ఈవిడదే. ప్యాడ్ తెస్తానంటే ఆగలేదు సార్. పెన్ను లాక్కుంది నా చేతిలోంచి. మా అక్కకి పౌరుషం ఎక్కువ."

"పౌరుషం కాదు" అన్నాను.

"మరేంటక్కా?"

నేను కాగితం ఆమె ముందుకు జరిపాను. ఆమె తోక తిప్పి, కింద రెండు చుక్కలు పెట్టి సంతకం చేసింది. దాని పక్కన నాది. ఈసారి మచ్చ కాదు, పేరు. అయినా ఆమెదే బాగుంది.

కొన్ని వారాల తర్వాత రిజిస్టరు పోస్టులో కవరు వచ్చింది. పేరున్న మనిషే సంతకం పెట్టాలని పోస్టుమాన్ అంటే, మా తోడికోడలు "అక్కా, నీకే" అని కేక వేసింది. సంతకం పెట్టి కవరు నేనే చించాను. మళ్లీ ఇంగ్లీషు. ఈసారి నేనే ఆమె చేతికిచ్చాను. "ఉత్తరం ఇచ్చిన తేదీ నుంచి పాలసీ రద్దు, బాకీ ఏమీ లేదు, వసూలు ఆపేశాం, బ్యాంకుకు తెలియజేశాం" అని ఆమె తెలుగులో చదివింది, పార్శిళ్ల కోసం వచ్చినవాళ్లందరికీ వినపడేలా.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మా ఆయన ఇంకా ఏదో ఆలోచిస్తుంటే, ఆమే అంది. "ఇంకా ఆలోచనేంటి బావగారూ? అక్క పేరు మీదే పెట్టండి. కొత్త కౌంటర్లో అక్కే కూర్చుంటుంది." అందరూ సరేనన్నారు. నేను కోరుకున్నదే అది. ఇన్నాళ్లూ ఆ షట్టరు వంక చూసింది అందుకే. కానీ అది కూడా ఆమె నోటితోనే రావాల్సి వచ్చింది, ఇచ్చే చెయ్యి కూడా ఆమెదే అయింది. సంతోషంతో పాటు ఆ పాత మంట కూడా అలాగే ఉంది నాలో. పోతుందనుకున్నాను, పోలేదు.

మర్నాడు పొద్దున ఆమె రాకముందే కొట్టు తెరిచాను. పొయ్యి మీద పప్పు పడేసి, రోట్లో దొండకాయ పచ్చడి నూరి, చేతులు కడుక్కున్నాను. నల్ల బోర్డు మీద ఆమె నిన్న రాసిన గుండ్రటి అక్షరాలను తడిగుడ్డతో తుడిచేశాను. కుర్చీ వేసుకుని ఎక్కి, సుద్దముక్కతో అన్నిటికన్నా పైన దొండకాయ రోటి పచ్చడి అని రాశాను. దాని కింద పప్పు, వేపుడు, పులుసు రాశాను. వరస పక్కకు ఒరిగిపోయింది. అప్పుడే వచ్చిన మా తోడికోడలు గుమ్మంలో ఆగి, కళ్లజోడు తీసి పెట్టుకుని, పైనుంచి కిందిదాకా చదివింది. కుర్చీ కదలకుండా రెండు చేతులతో పట్టుకుంది, నేను దిగేదాకా.